మూడు పౌన్లు, పది షిల్లింగుల నోటు

పోయిన డిసెంబరులో అమ్మాయీ అల్లుడూ మమ్మల్ని సింగపూర్ రప్పించి, అక్కణ్ణించి పెనాంగ్ వెళ్ళొచ్చే మూడు రాత్రుల క్రూజు ఎక్కించారు. బయల్దేరే ముందు మావారు డబ్బు మార్చే దుకాణానికి వెళ్ళి, సింగపూర్ డాలర్లు తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి లెక్క చూసుకుంటున్నారు. మా అత్తగారు కుర్చీలోంచి తొంగిచూసి, "గవర్నమెంటు వాళ్ళు ఎంత ఇచ్చార్రా?" అన్నారు.

"గవర్నమెంటు ఇవ్వడమేంటమ్మా? పాన్ కార్డూ, పాస్‌పోర్టూ, టికెట్టూ చూపించి కొనుక్కొచ్చాను."

"కావలసినంత ఇచ్చేస్తారా! మీ బాబాయికి మూడు పౌన్లే ఇచ్చారు" అని లేచి లోపలికెళ్ళిపోయారు.

ఆ మూడు పౌన్ల మాట నేను కాపురానికొచ్చిన కొత్తలో విన్నదే. చాలా ఇళ్ళల్లో అమెరికా వెళ్ళినవాళ్ళు జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని చెప్పుకుంటారు కదా, మా ఇంట్లో కథ ఇంగ్లండుది. 1964లో మా చిన్నమావయ్యగారు ఉద్యోగం వెతుక్కుంటూ బొంబాయిలో ఓడెక్కారు. అరెకరం అమ్మి ఓడ టికెట్టు కొన్నారట. టికెట్టుకి మన రూపాయలే చాలు, కానీ వెంట తీసుకెళ్ళడానికి దొరికినవి మూడు పౌన్లు. అప్పట్లో పౌను పదమూడు రూపాయల చిల్లర. అంటే మొత్తం నలభై రూపాయలు! పొలం అమ్మిన డబ్బు ఇంకా ఇంట్లో మిగిలే ఉంది. ఉన్నా పట్టుకెళ్ళే దారి లేదు.

ఇంతకు ముందు తరంలో ఈ బాధే లేదు. మా అత్తగారి తాతగారు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళి, కొన్నేళ్ళు పనిచేసి వచ్చారు. ఆయన ఏ డబ్బూ మార్చుకోలేదు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. ఇక్కడ మొలలో దోపుకున్న రూపాయి అక్కడ రేవులో దిగీ దిగగానే చెల్లేది. సముద్రం దాటినా రూపాయి రూపాయే.

అంతెందుకు, స్వతంత్రం వచ్చాక కూడా కువైట్, బహ్రెయిన్, ఖతార్ లాంటి చోట్ల మన రూపాయే నడిచింది. అయితే అక్కణ్ణించి బంగారం దొంగతనంగా ఇక్కడికి రావడం, దాని కోసం బయటికెళ్ళిన రూపాయలకి మన ప్రభుత్వం విదేశీ ద్రవ్యం చెల్లించాల్సి రావడం మొదలైంది. దాంతో 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరే నోట్లు అచ్చువేసింది. హజ్ యాత్రికుల కోసం కూడా విడిగా పది, వంద రూపాయల నోట్లు తెచ్చింది. ఇండియాలో చెల్లని ఇండియా నోట్లన్నమాట! 1966లో రూపాయి విలువ తగ్గించక ముందే కొందరు, ఆ తర్వాత మిగతావాళ్ళు, గల్ఫ్ వాళ్ళంతా ఆ రూపాయిని వదిలేశారు.

మరి చిన్నమావయ్యగారి వేళకి అంత కరువెందుకొచ్చింది? రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం బ్రిటనుకి సరుకులూ సైన్యమూ సమకూర్చినందుకు లండన్‌లో మన పేరున పెద్ద మొత్తమే జమ అయింది. స్వతంత్రం వచ్చిన పదేళ్ళలో అది చాలావరకు కరిగిపోయింది. 1956లో రెండో పంచవర్ష ప్రణాళిక మొదలయ్యాక భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలకి యంత్రాలు కావాలి, తిండిగింజలూ కావాలి. అన్నీ బయటినుంచే. 1957కల్లా విదేశీ ద్రవ్యానికి కటకట వచ్చేసింది. ఇంట్లో నూనె అడుగంటినప్పుడు మనం ఏం చేస్తాం? గరిటె మానేసి చెంచాతో పోస్తాం. ప్రభుత్వమూ అదే చేసింది. ప్రయాణం కట్టాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి కావాలి, చేతికిచ్చేది మాత్రం చెంచాడే.

ఇదంతా నేను చదివి తెలుసుకున్నది. మా అత్తగారికి తెలిసిన చరిత్ర వేరే. అప్పటికి ఆవిడ కొత్తకోడలు. మరిది వెళ్ళే ముందు రోజు రాత్రి చేతి గాజొకటి తీసి, "అక్కడ అమ్ముకో" అని ఇచ్చారట. అది మా మామగారి కంటపడింది. కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే ప్రయాణం ఆగిపోవడమే కాక కేసవుతుందని భయపడి, గాజు వెనక్కి ఇప్పించేశారు. ఆయన భయం సబబైనదే. కానీ ఓడ దిగిన తర్వాత వచ్చిన మొదటి ఉత్తరంలో సంగతులు చదివాక, ఆవిడ ఆ గాజు మళ్ళీ తొడుక్కోలేదు.

ఓడలో భోజనం టికెట్టులో కలిసే ఉండేదట. మిగతా ప్రతిదానికీ డబ్బే. ఏడెన్‌లో ఓడ ఆగితే అందరూ బజారుకి దిగారు, ఈయన దిగలేదు. పోర్ట్ సయీద్‌లోనూ అంతే. దారంతా ఒక్క నిమ్మకాయ సోడా కూడా కొనుక్కోలేదు. తీరా టిల్‌బరీ రేవులో దిగితే, వస్తానన్న స్నేహితుడు రాలేదు. రైలుకీ, గదికీ రెండు పౌన్లు దాటి పోయాయి. అతను ఆచూకీ పట్టి వచ్చేదాకా మూడు రోజులు రొట్టె, టీ.

ఇక మా క్రూజు సంగతి. ఓడలో డబ్బు కంటికి కనబడదు. ఎక్కగానే ఒక కార్డిస్తారు, అదే గది తాళం, అదే పద్దు పుస్తకం. భోజనం టికెట్టులోనే, మిగతావన్నీ పద్దులోకి. మనం అడగకపోయినా రోజుకి మనిషికింత అని సిబ్బంది బక్షీసు కూడా చేరుతుంది. మాది సింగపూర్ డాలర్ల లెక్క. కొన్ని ఓడల్లో అమెరికన్ డాలర్లు, ఎక్కే ముందే కనుక్కోండి. నేను మొదటి రోజే రెండు కాఫీలు తాగి, వాటి ధర రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. నలభై రూపాయలకి ఎన్నో రెట్లు. అప్పటి నలభైకి ఇప్పటి విలువ వేరే అని నాకూ తెలుసు. అయినా మూడో కాఫీ తాగబుద్ధి కాలేదు.

పెనాంగ్‌లో దిగితే కావలసింది మలేషియా రింగిట్లు. ఓడలో మారిస్తే ధర గిట్టదని అల్లుడు ముందే సింగపూర్ సెరంగూన్ రోడ్డులో కొద్దిగా మార్పించి ఉంచాడు. మావారు మాత్రం భోజనం చేసిన చోట కార్డు గీకారు. "రింగిట్లలోనా, రూపాయల్లోనా?" అని మిషను అడిగింది. పరాయి ఊళ్ళో మన రూపాయి కనబడేసరికి ముచ్చటపడి రూపాయలు నొక్కేశారు. అలా నొక్కితే మార్పిడి ధర అక్కడివాళ్ళు వాళ్ళ లాభం కలుపుకుని వేస్తారు. ఎప్పుడైనా ఆ ఊరి డబ్బే నొక్కాలి. ఆ ముచ్చట ఖరీదు ఒక పూట టిఫిను.

ఇంత వెసులుబాటు ఊరికే రాలేదు. 1991లో విదేశీ నిల్వలు అడుగంటి, దేశం బంగారం కుదువ పెట్టింది. జులైలో ఒక్క రిజర్వ్ బ్యాంకే దాదాపు 47 టన్నులు బయటికి పంపింది. అప్పట్నించీ పద్ధతులు మారుతూ వచ్చాయి. విదేశీ ద్రవ్యం తప్పుకి నేరస్థుణ్ణి చేసే 1973 నాటి ఫెరా చట్టం పోయి, 2000 జూన్‌లో ఫెమా అమల్లోకి వచ్చింది. 2004లో మనిషికి ఏడాదికి 25 వేల డాలర్లు పంపుకోవచ్చన్నారు, ఇప్పుడది రెండున్నర లక్షలు. నోట్లుగా మాత్రం మామూలుగా ఒక ప్రయాణానికి మూడు వేల డాలర్ల వరకే, మిగతాది కార్డులో. ఇంట్లో మా అత్తగారి గాజు గడప దాటలేదు గానీ, దేశం గాజులు దాటాయి. రెండోది ఆవిడకి చెబితే, "అయితే వాళ్ళకీ తెలిసొచ్చిందన్నమాట" అన్నారు.

తిరిగొచ్చాక ఆవిడ బీరువా తీయించి, కుంకుమ భరిణె కింద మడతపెట్టిన కాగితం ఇచ్చారు. బ్రిటను పది షిల్లింగుల నోటు. మూడు పౌన్లలో చివరికి మిగిలింది. 1971లో మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, "వదినా, ఇది ఖర్చుపెట్టలేదు" అని చిన్నమావయ్యగారు ఆవిడ చేతిలో పెట్టారట. అప్పటికే, ముందటేడు నవంబరులో, ఆ నోటు చెలామణీలోంచి పోయింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు మాత్రం తన పాత నోట్లకి ఎప్పటికైనా విలువ చెల్లిస్తుంది, దీనికి యాభై పెన్నీలొస్తాయి. ఆయన ఇప్పుడు లేరు.

"నీ దగ్గరేం మిగిలింది?" అన్నారు. పర్సు దులిపితే మూడు రింగిట్ల చిల్లర రాలింది. ఆవిడ ఆ చిల్లరనీ నోటునీ కలిపి మళ్ళీ భరిణె కిందే పెట్టించారు. బీరువా మూస్తుంటే చూశాను, ఆ పక్కనే గాజు కూడా ఉంది.