తలుపు తట్టే మనిషి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట వింటూ పెరిగిన వాళ్లం మనం. చలికి పేరుపడ్డ చికాగోలో వడదెబ్బకు వందలమంది పోయారంటే మొదట నమ్మబుద్ధి కాదు. 1995 జులై 13న అక్కడి మిడ్‌వే విమానాశ్రయంలో ఎండ 106 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరింది. ఆ వారంలో మామూలుకన్నా 739 మంది ఎక్కువగా మరణించారు. చాలామంది ఒంటరి వృద్ధులు. దొంగల భయంతో కిటికీలు బిగించుకుని, పలకరించే దిక్కులేక పోయారు. పక్కపక్కనే ఉన్న రెండు పేదపేటల్లో, వీధిలో జనసంచారం ఉన్నచోట చావులు తక్కువని సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ 2002లో రాశాడు.

ఆ నగరం పాఠం నేర్చుకుంది. 1999లో మళ్లీ వడగాడ్పులు వీచినప్పుడు చల్లని విడుదులు తెరిచి, ఒంటరి వృద్ధుల ఇళ్లకు మనుషుల్ని పంపింది. ఈసారి మరణాలు సుమారు 110.

ఆంధ్ర, తెలంగాణలలో 2015 వేసవిలో వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. మన చలివేంద్రం బాటసారి దాహం తీరుస్తుంది గాని, గడప దాటలేని ముసలివారి దగ్గరకు నడిచిరాదు. మనలో ఎందరి అమ్మానాన్నలో అక్కడ ఒంటరిగా ఉన్నారు. ఏసీ పెట్టించాం, సరే, కరెంటు పోతేనో? మిట్టమధ్యాహ్నం తలుపు తట్టి, "మజ్జిగ తాగారా?" అని అడిగే పొరుగు మనిషిని వేసవికి ముందే కుదుర్చుకుందాం.