బిట్‌కాయిన్ చిరునామాల ఆరా: బహిరంగ చిట్టా నుంచి ఫిర్యాదు దాకా

సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన పత్రం ఆధారంగా, 2009 జనవరి 3న తొలి బ్లాకుతో మొదలైన బిట్‌కాయిన్ వ్యవస్థలో బ్యాంకు శాఖ గాని ఖాతాదారుని పేరు గాని ఉండదు. అక్షరాలు, అంకెలు కలగలిసిన ఒక పొడవాటి వరుస మాత్రమే ఉంటుంది. దానినే చిరునామా అంటారు. ఆ చిరునామాకు ఎంత వచ్చిందో, అక్కడి నుంచి ఎంత పోయిందో ప్రతి లావాదేవీ అందరూ చదవగల చిట్టాలో శాశ్వతంగా నమోదవుతుంది. లెక్క బహిరంగంగాను, మనిషి మరుగునను ఉండే ఈ ఏర్పాటులోనే చిరునామాల ఆరా తీసే సాధనాల చరిత్ర అంతా ఇమిడి ఉంది.

చిట్టాను సామాన్యుడు చదవగలిగే రూపంలో చూపే వెబ్‌సైట్లను బ్లాక్ ఎక్స్‌ప్లోరర్లు అంటారు. వాటిలో మొదటి తరానికి చెందిన, బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ అనే పేరే గల సైటు 2010లోను, బ్లాక్‌చెయిన్.ఇన్ఫో 2011లోను వచ్చాయి. ఇవి చిరునామాలోని నిల్వను చూపాయే గాని దాని యజమానిని చూపలేదు. ఒకే లావాదేవీలో కలిపి ఖర్చయిన చిరునామాలు సాధారణంగా ఒకే వ్యక్తివై ఉంటాయన్న సూచన నకమోటో పత్రంలోనే ఉంది. సారా మీక్‌ల్‌జాన్, ఆమె సహపరిశోధకులు 2013లో ఆ సూచనను విస్తరించి, విడివిడిగా కనిపించే చిరునామాలను గుంపులుగా చేర్చి, ఆ గుంపులను బిట్‌కాయిన్ కొనుగోలు, అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీలతో ముడిపెట్టి చూపారు. ఎలిప్టిక్, చైనాలిసిస్ వంటి సంస్థలు ఈ విద్యను వ్యాపారంగా మలచి పోలీసులకు, బ్యాంకులకు అమ్మసాగాయి గాని మోసపోయిన బాధితుని చేతికి అది అందలేదు.

బాధితుడు స్వయంగా మాట్లాడే అవకాశం 2017లో వచ్చింది. ఆ ఏడాది మే నెలలో, కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి సొమ్ము అడిగే వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించగా, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని పాలబడ్డాయి. అది సొమ్ము అడిగిన చిరునామాలు ప్రధానంగా మూడే కావడంతో, ఆగస్టు ఆరంభంలో నేరస్థులు ఆ సొమ్మును కదిలించినప్పుడు లోకమంతా చూడగలిగింది, కాని ఆపగలిగినవారు లేరు. మోసానికి వాడిన చిరునామాను ఎవరైనా నమోదు చేసి, ఇతరులు వెతికి చూసుకొనే బిట్‌కాయిన్ అబ్యూస్ అనే సైటు ఆ ఏడాదే మొదలైంది. మరుసటి ఏడాది, పాత పాస్‌వర్డును చూపించి బెదిరించే ఈమెయిళ్లు వెల్లువెత్తినప్పుడు, అదే చిరునామా మీద వందలాది ఫిర్యాదులను చూసి ధైర్యం తెచ్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. కాని కొత్త చిరునామాను పుట్టించడానికి క్షణం చాలు గనుక, ఫిర్యాదు లేకపోవడాన్ని భద్రతకు హామీగా తీసుకోవడం ప్రమాదకరం.

చిరునామాను గుర్తించడం అడ్డుకట్టగా మారడం 2020 జూలై 15న కనిపించింది. ఆ రోజు ప్రముఖుల ట్విట్టర్ ఖాతాలను చేజిక్కించుకొన్నవారు, పంపిన సొమ్మును రెట్టింపు చేసి ఇస్తామని ఒక చిరునామా ప్రకటించగా, కాయిన్‌బేస్ ఎక్స్ఛేంజి దానిని నిరోధించి, సుమారు 1,100 మంది ఖాతాదారుల సొమ్మును కాపాడింది.

ఇటువంటి మోసాలు దూరపు దీవులకు చేరే దారి కూడా ఆ మరుసటి నెలలోనే తెరుచుకొంది. ఆగస్టు 10న, చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ అండమాన్ నికోబార్ దీవులకు అందుబాటులోకి వచ్చింది. అంతవరకు ఉపగ్రహపు సన్నని దారి మీద ఆధారపడిన పోర్ట్ బ్లెయిర్, రంగత్, కార్ నికోబార్ వంటి చోట్లకు వేగవంతమైన ఇంటర్నెట్‌తో పాటు మోసగాడు కూడా చేరువయ్యాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారు. అప్పటికి పెరిగిన చిరునామా శోధన సాధనాలలో పేరున్నవి ఎక్కువగా ఆంగ్లాన్ని ఆధారం చేసుకొన్నవి. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఇక్కడి బాధితుడు చాలాసార్లు బిట్‌కాయిన్‌ను ముట్టనే ముట్టడు. అతడు యూపీఐ ద్వారా రూపాయలను, మోసగాళ్లు ఇతరుల నుంచి అద్దెకు తీసుకొన్న బ్యాంకు ఖాతాకు పంపుతాడు, అవి ఆ తరువాతే క్రిప్టోగా మారి దేశం దాటుతాయి. వెతకవలసిన చిరునామా అతనికి తెలియదు. అందుకే భారత ప్రభుత్వం 2019 ఆగస్టులో అన్ని రకాల సైబర్ నేరాలకూ విస్తరించిన ఫిర్యాదు పోర్టల్, 2021లో 155260గా మొదలై తరువాత 1930గా మారిన సహాయవాణి దీవులవారికి ఏ ఎక్స్‌ప్లోరర్ కంటెనూ ముఖ్యమైనవి. బిట్‌కాయిన్ చిట్టాలో లావాదేవీని ఆపగల అధికారి ఎవరూ లేరు. రూపాయి బ్యాంకులో ఉన్నంతసేపే దానిని పట్టుకోవడం సులువు.

బిట్‌కాయిన్ అబ్యూస్ తరువాతి కాలంలో, చిట్టా విశ్లేషణ సంస్థ టీఆర్ఎం ల్యాబ్స్ 2022లో ప్రారంభించిన చైనబ్యూస్ అనే ఫిర్యాదుల సైటులో కలిసిపోయింది. అప్పటికి మోసగాళ్లు డాలరుతో ముడిపడిన టెథర్ నాణెం వైపు మొగ్గారు గనుక, ఒక్క బిట్‌కాయిన్‌కే పరిమితమైన పట్టిక సరిపోని స్థితి ఏర్పడింది. సొమ్ము తిరిగి తెప్పిస్తామంటూ బాధితులను మళ్లీ దోచే ముఠాలు బయలుదేరడం ఈ దశలోని అత్యంత క్రూరమైన పరిణామం.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తు ఈ చరిత్రలోని మరో పార్శ్వాన్ని వెలికితీసింది. ఉద్యోగాల ఆశతో కంబోడియాకు చేరిన తెలుగు యువకులను నిర్బంధించి, వారి చేతనే భారతీయులను మోసగించే పని చేయిస్తున్నారని తేలింది. ఇటువంటి నిర్బంధ మోసాల విషయంలోనే 2025 అక్టోబరు 14న అమెరికా న్యాయశాఖ కంబోడియాకు చెందిన ప్రిన్స్ గ్రూప్ అధిపతిపై అభియోగాలను వెల్లడించి, 127,271 బిట్‌కాయిన్ల జప్తుకు దావా వేసింది. వాటి విలువ అప్పటికి సుమారు 1,500 కోట్ల డాలర్లు. చిట్టాలో ఏళ్ల తరబడి అందరికీ కనిపిస్తూనే ఉన్న ఆ నిల్వలు ఎవరివో అధికారికంగా ప్రకటించడానికి అంత కాలం పట్టింది. ఇటువంటి జప్తులలో వాటా కోరే బాధితుడు తన నష్టాన్ని తానే రుజువు చేసుకోవలసి ఉంటుంది గనుక, దీవులలోనైనా విశాఖలోనైనా మొదటి రోజు ఫిర్యాదులో రాసిన యూపీఐ లావాదేవీ సంఖ్య, తేదీ, చిరునామా తెలిస్తే చిరునామా, సంభాషణల ప్రతులు ఏళ్ల తరువాత కూడా పనికివచ్చే ఆధారాలు.