షామిల్‌ను పారిస్ చూసిన తీరు

1854 వేసవిలో షామిల్ అనుచరులు జార్జియాలోని త్సినందాలి భవనంపై దాడి చేసి, చవచవాద్జే, ఒర్బెలియానీ కుటుంబాల రాకుమార్తెలిద్దరినీ పిల్లలతో సహా ఎత్తుకుపోయారు. ఆ బందీలలో ఆన్ ద్రాన్సే అనే ఫ్రెంచి ఉపాధ్యాయిని కూడా ఉంది. 1839లో అఖుల్గో ముట్టడిలో రష్యన్లకు తాకట్టుగా అప్పగించిన తన కుమారుడు జమాలుద్దీన్‌ను, దానితోపాటు నలభైవేల రూబుళ్లను పొందాకే, 1855 మార్చిలో షామిల్ వారిని విడిచిపెట్టాడు.

అది క్రిమియా యుద్ధకాలం. రష్యాతో పోరాడుతున్న ఫ్రాన్సుకు షామిల్ ఆప్తుడుగా కనిపించడం సహజమే. 1854లోనే పాల్ మ్యూరిస్ ఆయన పేరిట రాసిన నాటకం పారిస్ రంగస్థలం ఎక్కింది. అయితే ఆ ఆదరణలో సూఫీ దాదాపుగా లేడు. కొండలలో పోరాడే వీరుడే ఉన్నాడు. సూఫీ అనగానే దర్గా, ఉరుసు, ఖవాలీ తలచుకునే తెలుగు పాఠకులకు కూడా షామిల్ కొంత కొత్తగానే తోస్తాడు. ఆయన నక్ష్‌బందీ మార్గీయుడు. ఆ మార్గంలో గానం కన్నా మౌనస్మరణకు, షరియత్ పాటింపుకు ప్రాధాన్యం ఎక్కువ. ‘మురీదు’ అంటే గురువును ఆశ్రయించిన శిష్యుడు మాత్రమే. రష్యన్ అధికారులు ఆ మాటనుంచి ‘మురీదిజం’ అనే పేరు పుట్టించి, దానికి మతోన్మాదం అనే అర్థం అంటగట్టారు. ఫ్రెంచి రచయితలు పలువురు దాన్ని విచారించకుండానే స్వీకరించారు.

అలెగ్జాండర్ ద్యూమా మరీ ఆసక్తికరమైన సాక్షి. 1846లో ప్రభుత్వ ఆహ్వానంపై, నౌకాదళపు ఓడలో అల్జీరియా తీరం చూసివచ్చినవాడు. అప్పటికింకా అక్కడ ఖాదిరీ సూఫీ కుటుంబానికి చెందిన అబ్ద్ అల్ ఖాదిర్ ఫ్రెంచి సేనలను ఎదిరిస్తూనే ఉన్నాడు. 1858-59లో ద్యూమా కాకసస్‌లో తిరిగినది రష్యన్ సైనికుల రక్షణలో. షామిల్‌ను కలవకుండానే ఆయన ఔన్నత్యాన్ని కీర్తించాడు. రష్యన్ల పక్షాన రాత్రివేళ మాటుకాయడానికి వెళ్లిన వైనాన్నీ అంతే ఉత్సాహంగా వర్ణించాడు. ఈ రెండింటి నడుమ పొసగనిదేమీ ఆయనకు కనిపించినట్టు లేదు. అల్జీరియాను ఆక్రమిస్తున్న దేశపు పౌరునికి, కాకసస్‌ను ఆక్రమిస్తున్న దేశపు ఆతిథ్యం అంత అపరిచితం కాదు మరి.

ద్రాన్సే జ్ఞాపకాలు 1857లో పారిస్‌లో వెలువడ్డాయి. వాటిని పుస్తకరూపంలోకి తెచ్చినవాడు ఎదువార్ మెర్లియూ కనుక, ప్రతి వాక్యమూ ఆమెదే అనుకోలేము. అయినా షామిల్ ఇంటిలోపలి ఎనిమిది నెలల జీవితం ఆమె చూసినది, ద్యూమా విన్నది.

1859లో గునీబ్ వద్ద షామిల్ లొంగిపోయాడు. మరుసటి ఏడు దమాస్కస్ అల్లర్లలో అబ్ద్ అల్ ఖాదిర్ వేలాది క్రైస్తవులను కాపాడాడు. ఆ వార్త విని, రష్యాలోని కలూగాలో నిర్బంధంలో ఉన్న షామిల్ ఆయనను అభినందిస్తూ ఉత్తరం రాశాడు. ఆయన జవాబిచ్చాడు. ఆ ఉత్తరాలు అరబ్బీలో ఉన్నాయి.