మంచి బ్రతుకుకు కొలత ఏది?

1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. ఆ నాటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వచ్చారు. వారిలో తెలుగువారు అనేకులు. మా పూర్వికులు కూడా ఆ ఓడలలో వచ్చినవారే.

ఆ ఒప్పందం మనిషి బ్రతుకును కొలిచి పెట్టింది. ఐదేండ్ల పని. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపై ఏటేటా ఒక షిల్లింగు హెచ్చు. బియ్యం, పప్పు, ఎండుచేప, ఉప్పు, తల దాచుకొనే చోటు. ప్రతి మనిషికీ ఒక సంఖ్య. చెరకుతోటలో పని చేయడానికి మనిషికి ఏమి కావాలో అందులో ఉంది. ఆ మనిషి ఏమి కాగలడో అందులో లేదు.

ఉన్నదానితో తృప్తి పడడమే మంచి బ్రతుకు అని పెద్దలు చెప్పేవారు. తృప్తి గొప్ప గుణమే. కాని దానిని కొలతగా తీసుకోరాదని మా అభిప్రాయం. ఏండ్ల తరబడి కొరతకు అలవాటు పడినవాడు ఆ కొద్దిపాటినే చాలంటాడు. అతడు చాలన్నంత మాత్రాన అది న్యాయం కాబోదు. కడుపుకు తిండి, చేతికి అక్షరం, కాలికి స్వేచ్ఛ ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా మనిషికి అవసరాలే.

మన పూర్వికులు ఈ సంగతి ఎరుగుదురు. 1895 నాటి చట్టం ప్రకారం, ఆపై వచ్చిన కూలీలు ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా ఇక్కడ నిలవాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. అంటే 60 షిల్లింగులు, మొదటి ఏటి జీతంలో ఆరు నెలల సొమ్ము. 1913లో, గాంధీజీ సత్యాగ్రహ కాలంలో, బొగ్గుగనుల కూలీలు, చెరకుతోటల కూలీలు వేలాదిగా పని మానారు. 1914లో ఆ పన్ను రద్దయింది. తమకు ఇచ్చినది చాలని నమ్మినవారు ఇంతటి సాహసం చేయరు.

తరువాతి తరాలవారు చందాలు పోగుచేసి బడులు కట్టుకొన్నారు. 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. చెరకు నరికినవారి మనుమలు ఉపాధ్యాయులు, వైద్యులు అయ్యారు. ఆ శక్తి తాతలలోనూ ఉన్నదే. వారికి లేనిది అవకాశం మాత్రమే.

సాయంకాలపు తరగతులలో తెలుగు అక్షరాలు దిద్దిన మేము మీ కుటుంబాలకు చేసే మనవి ఒక్కటే. పిల్లలకు ఏమేమి కొనిపెట్టామని మాత్రమే లెక్క చూడకండి. వారిలో ఉన్న ఏ శక్తికి మనం ఇంకా దారి చూపలేదో కూడా విచారించండి.