ఫణిగిరి శిలల విదేశయాత్ర

ఊరు విడిచి బ్రదుకువారిని స్వజనులు మొదట అడుగు ప్రశ్న, "ఎప్పుడు తిరిగి వత్తురు?" అనునది. ఉక్కునగరమగు భిలాయికి చేరువనున్న కుమ్హారి వంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న చిరపరిచితము. దేశాంతరమేగిన శిల్పములను గూర్చియు మనము ముందుగా అడుగవలసినది ఇదియే.

అమరావతి కథ విషాదకరము. 18వ శతాబ్దాంతమున మెకంజీ దొర ఆ స్తూపమును దర్శించునాటికే దాని రాళ్ళు కట్టడములకై తరలిపోవుచుండెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరినవి. వానిలో పెక్కింటిని 1859లో లండనునకు పంపిరి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియము వశమైనవి. పంపినవారు తిరిగివచ్చు దినమును నిర్ణయింపలేదు. అడుగు అధికారము మనకు లేకుండెను. ఆ ఫలకములను, సాంచీ శిల్పములను ఆధారముగా గొని 1868లో ఫెర్గుసన్ పండితుడు వృక్షారాధన, సర్పారాధనలపై ఉద్గ్రంథమును వెలువరించెను. విద్యాలోకమునకు మేలు కలిగినమాట నిజమే. ఆ మేలు శిలలు పుట్టిన ఊరికి అందలేదు.

2023 జూలై 21 నుండి నవంబరు 13 వరకు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున జరిగిన 'వృక్షము, సర్పము' అను ప్రదర్శన వేరొక తీరుది. క్రీ.పూ. 200 మొదలు క్రీ.శ. 400 వరకుగల బౌద్ధకళను చూపు 125కు పైబడిన వస్తువులందు చేరినవి. వానిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరినుండి వెళ్ళిన తోరణ శిల్పములు ముఖ్యమైనవి. పాముపడగను బోలిన ఆ కొండపై ఈ శతాబ్దారంభమున జరిగిన త్రవ్వకములలో అవి వెలికివచ్చినవి. ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని 18వ పాలనావర్షమున రాజవైద్యుడొకడు అచట ధర్మచక్రమును ప్రతిష్ఠించినట్లు శాసనము తెలుపుచున్నది. న్యూయార్కు పిదప ఆ ప్రదర్శన 2023 డిసెంబరు 22 మొదలు 2024 ఏప్రిల్ 14 వరకు సియోలు నగరమందలి కొరియా జాతీయ మ్యూజియమున సాగెను.

1972నాటి పురావస్తు చట్టము ప్రకారము కేంద్రప్రభుత్వముగాని, దాని అనుమతిగల సంస్థగాని తప్ప అన్యులు పురావస్తువులను విదేశములకు పంపరాదు. అరువు ఒప్పందమునందు గడువుండును, బీమా ఉండును. పయనమునకు ముందును, మరలిన పిదపను ప్రతి పగులును పరీక్షించి వ్రాసికొందురు. శిల ఎవరి సొత్తో ఆ కాగితములే చాటుచున్నవి. అమరావతికి దక్కని గౌరవమిది.

అయినను ఒక బాధ్యత మిగిలియున్నది. అరువిచ్చువాని ఇంట ఆ వస్తువునకు తగిన చోటుండవలెను. న్యూయార్కు ప్రేక్షకులు చూచిన వెలుతురులో, అంతటి వివరణతో, సూర్యాపేట బడిపిల్లలును ఆ తోరణమును చూడగలిగిననాడే శిలలు నిజముగా ఇల్లు చేరినట్లు.