చిట్టాలో ఆ రెండు గీతలు

2001లో హైదరాబాదులో నా మొదటి ఉద్యోగం. పేరుకి డెవలపర్నే గానీ, చిన్న కంపెనీ కాబట్టి అన్ని పనులూ మన నెత్తినే. రోజూ పొద్దున్నే సర్వరు లాగ్ ఫైలు తెరిచి, రాత్రి ఏమైనా కొంప మునిగిందేమో చూడ్డం అందులో ఒకటి. (లాగ్ అంటే మనం తొడుక్కునే లాగూ కాదు లెండి. ఆ జోకు మా టీములో అప్పటికే అరిగిపోయింది.) మొదటిరోజే నాకో సందేహం వచ్చింది. ప్రతి వరసలోనూ ఐపీ అడ్రసు తర్వాత రెండు అడ్డగీతలు. ఎన్ని వేల వరసలు చూసినా అవే గీతలు. మా సీనియర్ని అడిగితే "అవెప్పుడూ అంతే బాబూ, వాటి జోలికెళ్ళకు" అన్నాడు.

ఆయన మాట విని చాలాకాలం వాటి జోలికెళ్ళలేదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే, వెబ్ ట్రాఫిక్ లెక్కల చరిత్రంతా ఆ రెండు గీతల చరిత్రే అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

పాతకాలం షాపుల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు ఏం జరిగితే అది వరసగా రాసుకుంటూ పోయేది చిట్టా. అందులోంచి ఎవరి పద్దు వాళ్ళకి విడదీసి రాసేది ఆవర్జా. సర్వరు లాగ్ అచ్చంగా చిట్టా. ఫలానా సమయానికి, ఫలానా అడ్రసు నుంచి, ఫలానా ఫైలు అడిగారు, ఇచ్చాం లేదా లేదన్నాం, ఇన్ని బైట్లు పంపాం. అంతే. దాన్నుంచి ఆవర్జా తయారుచెయ్యాలంటే ముందు పేరు కావాలి. చిట్టాలో పేరుండదు. పేరుండాల్సిన చోటే ఆ రెండు గీతలు.

మొదట్లో ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో మొదటి వెబ్ సర్వరు నడిపింది 1990 చివర్లో. 1991 వేసవి నుంచి 1994 వేసవి దాకా ఆ సర్వరు మీద లోడు ఏడాదికి పదింతల చొప్పున పెరిగిందని ఆయనే రాసుకున్నాడు. అంటే మూడేళ్ళలో వెయ్యింతలు! అప్పట్లో లెక్క చూసుకున్నది "ఎవరొస్తున్నారు" అని కాదు, "ఈ మెషిను తట్టుకుంటుందా" అని.

1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెకూల్ రాసిన సర్వరు బాగా పాకిపోయింది. 1995లో దానికి అతుకులేసుకుంటూ వచ్చిన వాళ్ళ చేతుల్లోనే అపాచీ పుట్టింది. సర్వరు ఏదైనా లాగ్ ఒకే తీరులో ఉంటే లెక్కలేసే ప్రోగ్రాములు అందరికీ పనికొస్తాయి కదా, అందుకని కామన్ లాగ్ ఫార్మాట్ వచ్చింది. అందులో ఏడు గడులు. మొదటిది అడ్రసు. రెండూ మూడూ మన గీతలు. తర్వాత సమయం, అడిగిన ఫైలు, స్టేటస్ కోడు, బైట్లు.

ఇప్పుడా గీతల సంగతి. రెండో గడి ఐడెంట్ అనే ప్రోటోకాల్ కోసం. 1993 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1413గా వచ్చిందది. సర్వరు తిరిగి అవతలి మెషినునే "ఈ కనెక్షను తెరిచిన యూజరెవరయ్యా?" అని అడుగుతుంది. ఒక యూనిక్స్ మెషిను మీద పదిమంది లాగిన్ అయ్యే యూనివర్సిటీల్లో దానికి అర్థముంది. ఇంట్లో కూర్చుని డయలప్ చేసుకునేవాడి పీసీ దానికి జవాబు చెప్పదు, చెప్పినా నమ్మలేం. అంతర్గత నెట్‌వర్కుల్లో తప్ప దీన్ని నమ్మొద్దని అపాచీ డాక్యుమెంటేషనే గట్టిగా చెబుతుంది. మూడో గడి, పాస్‌వర్డ్ అడిగి లోపలికి పంపే పేజీలకి. సర్వరే స్వయంగా అడిగే ఆ పాత పద్ధతి ఇప్పుడు వాడేవాళ్ళు తక్కువ. అంచేత రెండు చోట్లా గీతే. "ఎవరు" అన్న ప్రశ్నకి గడులైతే ఉన్నాయి, జవాబు మాత్రం లేదు.

ఈలోగా వెబ్‌లోకి డబ్బులొచ్చాయి. ప్రకటనలిచ్చేవాడు "మీ సైటుకెంతమందొస్తారు?" అని అడుగుతాడు కదా. చిట్టా చూసి చెప్పడం మొదలెట్టారు. మొదట్లో హిట్లు. ఒక పేజీలో ఇరవై బొమ్మలుంటే పేజీతో కలిపి ఇరవైయొక్క హిట్లు! బొమ్మలు పెంచితే "పాపులారిటీ" పెరిగిపోయేది. హిట్స్ అంటే 'హౌ ఇడియట్స్ ట్రాక్ సక్సెస్' అని వెటకారం పుట్టింది అందుకే.

తర్వాత హిట్లు మానేసి ఐపీ అడ్రసులు లెక్కబెట్టారు. అదీ కుదర్లేదు. ఏఓఎల్ లాంటి చోట్ల వేలమంది కొద్దిపాటి ప్రాక్సీల వెనకనుంచి వచ్చేవాళ్ళు. మన దగ్గర 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలయ్యాక, డయలప్ చేసిన ప్రతిసారీ కొత్త అడ్రసు. లైను మూడుసార్లు తెగితే ఒక్క మనిషే నలుగురు. ఇంటర్నెట్ సెంటర్లో పదిమంది కూర్చుంటే అందరూ కలిపి ఒకడు. పైగా ప్రాక్సీలోనో బ్రౌజరు కాష్‌లోనో పేజీ ఉంటే అసలు మన సర్వరుదాకా రారు, చిట్టాకెక్కరు. ఇప్పటి మొబైల్ నెట్‌వర్కుల్లోనూ ఒక్కో పబ్లిక్ అడ్రసు వెనక ఎందరో ఉంటారు. కథ మారలేదు.

ఈ విషయం నిజాయితీగా చెప్పినవాడొకడున్నాడు. 1995లో కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ టర్నర్ అనలాగ్ అనే ప్రోగ్రాము రాశాడు. అప్పట్లో తెగ వాడేవాళ్ళం. లాగ్ విశ్లేషించే సాఫ్టువేరు రాసిన మనిషే, దాని డాక్యుమెంటేషన్లో "లాగ్ చూసి మీ సైటుకి ఎంతమందొచ్చారో చెప్పలేం, వాళ్ళెవరో అసలే చెప్పలేం" అని విడమరిచి రాశాడు. తర్వాత వచ్చిన వెబలైజర్, ఏడబ్ల్యూస్టాట్స్ రంగురంగుల గ్రాఫులిచ్చాయి. గ్రాఫులు చూసినవాళ్ళు టర్నర్ మాట మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను, ఆ కథ ముందుంది.

గీత నింపడానికి ఇంకో దారి కుకీ. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటూలీ కనిపెట్టాడు. దాన్ని మొట్టమొదట వాడిందే నెట్‌స్కేప్ సైటుకొచ్చినవాళ్ళు ఇంతకుముందు వచ్చారా లేదా తెలుసుకోవడానికి! అంటే సూటిగా మన రెండు గీతల సమస్యకే మందు.

అదే రోజుల్లో ఫార్మాట్‌కి మరో రెండు గడులు చేరాయి. ఒకటి రెఫరర్, అంటే ఎక్కణ్ణుంచి వచ్చారు. ఆ మాట ఇంగ్లీషు స్పెల్లింగు 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1945లోనే తప్పుగా పడి, ఇప్పటికీ ఆ తప్పుతోనే నడుస్తోంది. జనం గూగుల్లో ఏం వెతికి మన దగ్గరికొచ్చారో ఈ గడిలో కనిపించేది. 2011 అక్టోబరు నుంచి గూగుల్ దాన్ని దాచడం మొదలెట్టింది. రెండోది యూజర్ ఏజెంట్, అంటే ఏ బ్రౌజరు. ఇదైతే పచ్చి అబద్ధాల పుట్ట. నెట్‌స్కేప్ తనని తాను మొజిల్లా అని చెప్పుకునేది. మొజిల్లాకే మంచి పేజీలిచ్చే సైట్ల కోసం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా మొజిల్లానే అంది. ఇవాళ క్రోమ్ ఒకే వరసలో మొజిల్లా, యాపిల్ వెబ్‌కిట్, గెకో, సఫారీ అని అందరి పేర్లూ చెప్పుకుంటుంది. మారువేషాలకి ముప్పై ఏళ్ళు.

మరి చిట్టా పనికిరానిదా? అస్సలు కాదు. నేను ఉద్యోగంలో చేరిన ఆ 2001 జులైలోనే కోడ్ రెడ్ వచ్చింది. పొద్దున్న లాగ్ తెరిస్తే డిఫాల్ట్.ఐడీఏ అనే ఫైలు కావాలంటూ, వెనకాల బారెడు పొడుగున ఎన్ ఎన్ ఎన్ అని వరసలు. మాది అపాచీ కాబట్టి 404 కొట్టి ఊరుకుంది. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ ఉన్నవాళ్ళ పని అయిపోయింది. జులై 19న పద్నాలుగు గంటల్లోపే 3,59,000 పైచిలుకు మెషిన్లకి అంటుకుందని తర్వాత లెక్కతేలింది. ఆ వరసలు పంపిన మెషిన్ల యజమానులెవరో మాకు తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఏం అడిగారో తెలిస్తే చాలు. చిట్టా బలం అది.

ఇకపోతే 2005. ఏప్రిల్లో గూగుల్ అర్చిన్ అనే శాండియాగో కంపెనీని కొని, నవంబరులో గూగుల్ ఎనలిటిక్స్‌గా ఉచితంగా వదిలింది. జనం ఎంతలా ఎగబడ్డారంటే కొత్త ఖాతాలు ఆపెయ్యాల్సొచ్చింది. అన్నట్టు, వాట్సాప్‌లో వచ్చే లింకుల చివర యూటీఎం అని తోకలుంటాయి చూశారా? అది అర్చిన్ ట్రాకింగ్ మాడ్యూల్. కంపెనీ పోయినా తోక మిగిలింది. ఇక్కడ అసలు మార్పేమిటంటే, లెక్క మన సర్వరు దగ్గర కాకుండా చూసేవాడి బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ ద్వారా జరుగుతుంది. చిట్టా పక్కనబెట్టి నేరుగా ఆవర్జా రాయడమన్నమాట.

ఇప్పుడు నా కథ. 2006లో వేరే కంపెనీలో ఉన్నా. ఓ అమెరికా క్లయింటు సైటు. అందులో బొమ్మలూ స్క్రిప్టులూ లేని ఉత్త టెక్స్టు పేజీలు ఓ ఫోల్డరు నిండా ఉండేవి. మేం కొత్తగా లెక్కల స్క్రిప్టు పెట్టాం. రెండు నెలల రిపోర్టులో ఆ పేజీలకి సున్నా. ఎవరూ చూడని పేజీలకి మెయింటెనెన్స్ ఎందుకని తీసేద్దామన్నది నేనే. స్లైడు కూడా చేశాను. తీసేశాం.

తర్వాత కొన్ని వారాలకి ఇంకేదో బగ్ కోసం లాగ్ వెతుకుతుంటే, ఆ ఫోల్డరు మీద 404లు కుప్పలు. అదే వారంలో క్లయింటు దగ్గర్నుంచి ఓ మెయిల్ వచ్చింది. చూపులేని ఒకాయన, తన స్క్రీన్ రీడరుతో వాటినే చదువుకునేవాణ్ణని, ఇప్పుడు దారి లేదని రాశాడు. అప్పుడు వెలిగింది. అవి స్క్రిప్టులు లేని పేజీలు. స్క్రిప్టు పెట్టని పేజీకి స్క్రిప్టు లెక్కలో సున్నా రాక ఏమొస్తుంది? నేను "ఎవరూ రావట్లేదు" అన్నది నిజానికి "నేను లెక్కబెట్టట్లేదు" మాత్రమే. చిట్టాలో ఆయన వరసలన్నీ అంతకుముందు నుంచీ ఉన్నాయి, గీతలతో సహా. రెండు రోజుల్లో పేజీలు వెనక్కి పెట్టాం గానీ ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇటువైపు ఇలా ఉంటే, గీతల్ని మరీ బాగా నింపితే ఏమవుతుందో కూడా అదే ఏడాది తెలిసింది. 2006 ఆగస్టులో ఏఓఎల్, పరిశోధనకని ఆరున్నర లక్షల మంది వెతికిన మాటల లాగ్‌ని బయటపెట్టింది. పేర్ల బదులు నంబర్లు వేశామన్నారు. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెతుకులాటలు చదువుకుంటూ పోయి, జార్జియాలో ఓ పెద్దావిడ ఇంటికి చేరారు. పేరు రాయకపోయినా మనిషి దొరికిపోయింది.

2016లో బ్రేయర్ కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు, జర్మనీ ప్రభుత్వ సైట్లు దాచుకునే డైనమిక్ ఐపీ అడ్రసు కూడా, మనిషిని గుర్తించే చట్టబద్ధమైన మార్గముంటే వ్యక్తిగత సమాచారమే అంది. మన దగ్గర మరోవైపు నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్, లాగ్‌లని 180 రోజులు దాచాలని ఆదేశించింది. ఒకచోట దాచొద్దంటారు, ఇంకోచోట దాచమంటారు. అంతకుముందే 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌షెల్ వచ్చి, లాగ్ రాయడమే ప్రమాదమైన రోజులూ చూశాం. యూజర్ ఏజెంట్లో ఓ మంత్రం పెడితే, దాన్ని లాగ్‌లో రాసుకున్న జావా సర్వరు వాడి చేతికి చిక్కేది.

ఇక బాట్లు. మార్టిన్ కోస్టర్ 1994లోనే రోబోట్స్.టీఎక్స్‌టీ పెట్టాడు. అది మర్యాద మాత్రమే, తాళం కాదు. 2025 అక్టోబరులో వికీమీడియా వాళ్ళు ఓ సంగతి చెప్పారు. ఆ ఏడాది మే ప్రాంతంలో, ముఖ్యంగా బ్రెజిల్ నుంచి, మనుషుల్లా కనిపించే సందర్శనలు విపరీతంగా పెరిగాయట. తీరా పరిశీలిస్తే చాలావరకు దొరక్కుండా తిరిగే బాట్లు. లెక్క సవరించాక చూస్తే మనుషుల సందర్శనలు ముందటేడుకన్నా సుమారు 8 శాతం తగ్గాయి. అంత అనుభవమున్న వాళ్ళకే మనిషికీ మరకీ తేడా వెంటనే దొరకలేదు. "ఎవరు" అన్నది పోయి "అసలు మనిషేనా" అన్న దగ్గరికొచ్చాం.

కాబట్టి నా అనుభవంతో చెప్పేదొకటే. ఎనలిటిక్స్ వద్దనను, నేనూ వాడతాను. కానీ చిట్టా తెరవడం మానకండి. ఏ పేజీలు విరిగాయి, ఏం లేదంటే అడుగుతున్నారు, ఏ బాటు తలుపులు తోస్తోంది, ఇవన్నీ అది ఖచ్చితంగా చెబుతుంది. ఎంతమంది మనుషులు అని అడిగితే మాత్రం అంచనాయే, రిపోర్టులో దశాంశ స్థానాలు ఎన్నున్నా సరే. ముఖ్యంగా సున్నా చూపించి ఏదైనా తీసేద్దామని మీటింగులో ఎవరన్నా అంటే, ఆ ఫోల్డరు పేరుతో ఒక్కసారి లాగ్‌ని గ్రెప్ చేసి రండి. రెండు నిమిషాల పని. 2006లో నేను చెయ్యనిదదే.