కోలార్ గనులు: తేదీల మధ్య మిగిలిన ప్రశ్న

కోలార్ బంగారు గనుల గురించి చదివేటప్పుడు మనం సాధారణంగా మూడు తేదీలు రాసుకుంటాం. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ రాక, 1902లో శివనసముద్రం విద్యుత్తు, 2001లో మూసివేత. అయితే మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనిని అర్థం చేసుకోవాలంటే రాయి ఎలా ప్రవర్తిస్తుందో కూడా తెలియాలి.

అక్కడ బంగారం క్వార్ట్జ్ సిరల్లో ఉంటుంది. మోస్ స్కేలుపై క్వార్ట్జ్ కాఠిన్యం 7. అది డ్రిల్ బిట్‌ను త్వరగా అరగదీస్తుంది. డ్రిల్లింగ్ వేగం తగ్గితే గట్టి రాయి తగిలిందనుకోవచ్చు, బిట్ మొద్దుబారిందనీ అనుకోవచ్చు. తేడా తెలియాలంటే వేగంతో పాటు ఒత్తిడి, టార్క్ నమోదు చేయాలి. బిట్‌ను పైకి తీసి అరుగుదల చూడాలి. లేకపోతే అరిగిన బిట్‌ను చూసి రాయి మారిందని పొరబడతాం.

లోతు పెరిగేకొద్దీ తవ్విన ఖాళీల చుట్టూ ఒత్తిడి పెరిగి రాయి ఒక్కసారిగా పేలినట్టు పగులుతుంది. దీన్నే రాక్‌బర్స్ట్ అంటారు. కోలార్‌లో ఇవి కార్మికుల ప్రాణాలు తీశాయి. రాయి కదలికలను పసిగట్టడానికి భూకంప సెన్సార్లు అమర్చారు. 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ కూడా అక్కడే ఏర్పడింది.

అదే డ్రిల్లింగ్ దుమ్ము తమిళ, తెలుగు కార్మికుల ఊపిరితిత్తుల్లో సిలికోసిస్‌గా మిగిలింది. కాబట్టి మెయిన్స్ జవాబులో ఎంత బంగారం తీశారని మాత్రమే కాదు, బిట్ అరుగుదలతో పాటు మనిషి అరుగుదలను ఎవరు లెక్కగట్టారని కూడా అడగాలి.